సరస్సు ఎండిన ఏటి నిరుద్యోగుల లెక్క

1966 ఎండాకాలం. నేను ఎంప్లాయ్‌మెంట్ ఆఫీసులో పనిచేస్తున్నాను. ఆఫీసరుగా అని రాద్దామని కలం పెట్టాను గానీ, ఆ రోజుల్లో నన్ను చూసినవాళ్ళు ఇంకా ఒకరిద్దరు బతికే ఉన్నారు. కాబట్టి లోయర్ డివిజన్ క్లర్కునే. ప్రొబేషన్ కూడా పూర్తి కాలేదు. అంటే ఏదైనా పెద్ద తప్పు చేస్తే ఇంటికి పంపించెయ్యొచ్చు.

మా పనేమిటో రెండు మాటల్లో చెబుతాను. పని లేనివాడు వచ్చి పేరు రాయించుకుంటే అది లైవ్ రిజిస్టర్‌లోకి ఎక్కుతుంది. ఆ రిజిస్టర్‌లో ఎన్ని పేర్లుంటే ఆ ప్రాంతంలో నిరుద్యోగులు అంతమంది అని పైకి రాస్తాం. పేరు రాయించుకోనివాడు పస్తులున్నా మా లెక్కలో నిరుద్యోగి కాడు.

ఆ ఏడు వానల్లేవు. నాయుడుపేటకి తూర్పున సరస్సు నీళ్ళు వెనక్కి పోయి, మైళ్ళకొద్దీ ఉప్పు పెచ్చు కట్టిన బురద మిగిలింది. సర్కారు కరువు పని కింద ఒక కట్టరోడ్డు వేయిస్తోంది. కూలి సగం డబ్బు, సగం గోధుమలు. ఆ పనికి మస్టర్ రోల్, అంటే రోజూ హాజరు పిలిచే కూలీల పట్టీ, మేము రాసే నిరుద్యోగుల జాబితాలోంచే తయారవుతుంది. అందుకని సరస్సు ఒడ్డునున్న ఒక పాళేనికి నన్ను పంపించారు. ఆ పాళెంలో చేపలు పట్టేవాళ్ళుంటారు. పక్కనే రెండేళ్ళ కింద బర్మా నుంచి తిరిగొచ్చిన కుటుంబాలకి వేసిన కాలనీ ఉంది.

బల్ల వేసుకుని కూచున్నాను. నా ముందు వెయ్యిమంది బారులు తీరారు. వెయ్యంటే మీరు నమ్మరు, నమ్మకండి. నూటపాతికకి ఒకరో ఇద్దరో తక్కువ.

మొదట ఊరిపెద్ద పోలయ్య వచ్చినాడు.

"పని ఉందా పెద్దాయనా?"

"ఉంది సామీ. సరస్సు ఉంది గదా."

"అది ఎండిపోయింది గదా?"

"ఎండింది. యాడికీ పోలేదు. మాపటికి వానొస్తే మళ్ళీ వస్తది."

ఆయన వెనక ఉన్నవాళ్ళంతా అదే మాట. కోటయ్య అని కొత్తగా పెళ్ళైన పిల్లవాడు, డొక్కలు లోపలికి పోయి కనిపిస్తున్నాయి, వాడూ పోలయ్య వైపొకసారి చూసి "ఉంది సార్" అన్నాడు. నేను పాళెం గడిలో సున్నా చుట్టాను. బర్మా కాలనీ వాళ్ళు మాత్రం ఇంటికి ఒకరో ఇద్దరో, అందరూ పని లేదనే చెప్పి పేర్లు రాయించుకున్నారు.

వాళ్ళలో అప్పలస్వామి అని ఒకాయన. తాతల ఊరు శ్రీకాకుళం వైపు, పుట్టి పెరిగింది రంగూన్ బియ్యం మిల్లుల దగ్గర. వేలిముద్ర వేసి అక్కడే నిలబడ్డాడు.

"బాబూ, మా తమ్ముడూ పిల్లలూ మద్రాసు కేంపులో ఉన్నారు. ఆళ్ళని ఈ కాలనీకే పంపమని అర్జీ పెట్టినాను. ఏటైనాదో తెలుస్తాదా?"

ఆ అర్జీ సంగతి నాకు తెలుసు. ఈ ప్రాంతంలో పని దొరుకుతుందా లేదా అని పైవాళ్ళు మా ఆఫీసు అభిప్రాయం అడిగారు. పాళెంలో నిరుద్యోగులు సున్నా అయితే ఇంకో నాలుగు కుటుంబాలు రావడానికి అభ్యంతరం ఏముంటుంది? "వచ్చేస్తారులే, నేను చూసుకుంటాను" అన్నాను. నేను చూసుకోవడానికి అందులో ఏమీ లేదు. ఊరికే అన్నాను.

పది రోజులకి రోడ్డు పని ఆగిపోయింది. మస్టర్‌లో అన్నీ కాలనీ పేర్లే ఉండేసరికి పాళెం వాళ్ళు వచ్చి పారలకి అడ్డంగా కూచున్నారు. మా ఆఫీసరు నన్ను జీపులో పంపించినాడు. నేను రెండు గుంపుల మధ్యకి దూకి చేతులు చాపి ఆపానని మా మనవలకి చాలాసార్లు చెప్పాను. నిజానికి జీపు దిగలేదు. కిటికీలోంచి విన్నాను.

"రంగూన్‌లో వరన్నం తిని వచ్చి, మా ఊళ్ళో గోధుమలకి ఎగబడతారా?" అని కోటయ్య.

"తినొచ్చింది ఏటి నాయనా, ఒదిలేసొచ్చినాం" అని అప్పలస్వామి. "అక్కడ పరాయోడివి పో అన్నారు. ఈడా అదే మాట."

"అయితే మేం యాడికి పొయ్యేది? మాకు పని లేదా?"

"లేదని నువ్వు ఎప్పుడు సెప్పినావు? ఆ గుమస్తా బాబు అడిగితే ఉందన్నావంట గదా."

 కోటయ్య భార్య పక్కనుంచి అంది: "ఎట్టా చెప్తాడు? చెప్తే వంతు పోదా?"

అప్పుడు తెలిసింది నాకు. సరస్సులో ఏ చోట ఏ రోజు ఎవరు వల వెయ్యాలో వాళ్ళు చీట్లు వేసి వంతులు పంచుకుంటారు. పెళ్ళైన మగవాడికి ఒక వంతు. కోటయ్యకి ఆ ఏడే వచ్చింది. ఎండిన రోజుల్లో కూలికి పోతే ఎవరూ ఏమనరు. కానీ నాకు పని లేదని పదిమంది ముందర చెప్పి వేలిముద్ర వేస్తే, సరస్సుని వదులుకున్నట్టు. మళ్ళీ నీళ్ళొచ్చినా ఆ వంతు ఇంకొకడికి పోతుంది.

అప్పుడు నాకో ఉపాయం తట్టింది. ఈ వాక్యం ముప్పై ఏళ్ళు ఇలాగే చెప్పాను. తట్టింది నాకు కాదు. అప్పలస్వామి జీపు దగ్గరికి వచ్చి కిటికీ మీద చెయ్యి వేశాడు.

"బాబూ, మా మిల్లు మూసిన యేడు దొరొచ్చి పనుందా అనడిగితే మేవూ ఉందనే అన్నాం. లేదంటే పేరు కొట్టేత్తాడని భయం. అలగ అడక్కు. వల తడిసి ఎన్నాళ్ళైనాది అనడుగు."

మర్నాడు మళ్ళీ బల్ల వేశాను. పోలయ్యని ఆ మాటే అడిగాను.

"రెండు నెలలు దాటింది సామీ" అని బొటనవేలు తనే సిరాలో ముంచి వేసినాడు. "ఇట్టా అడిగుంటే ఆ రోజే చెప్పేవాళ్ళం గదా. నీకు ఆ మాత్రం తెలియకపాయె."

సాయంత్రానికి అరవై పైచిలుకు పేర్లు ఎక్కాయి. మూడో రోజుకి కోటయ్య, అప్పలస్వామి ఒకే వరసలో తట్టలు మోస్తున్నారు. గోధుమల్ని అన్నంలా ఎలా వండుకోవాలో కాలనీ ఆడవాళ్ళు పాళెం ఆడవాళ్ళకి చూపించారని కూడా విన్నాను. కేసు ఇక్కడితో ముగిసి ఉంటే నేను దీన్ని రాసేవాణ్ణి కాదు. అందరికీ నోటితోనే చెప్పుకుని తిరిగేవాణ్ణి. తిరిగాను కూడా.

మూడు నెలల లెక్క పైకి వెళ్ళింది. దాని మీద పట్నంలో పెద్దల కమిటీ కూచుంది. నేను అక్కడ ప్రసంగించాను అని చెప్పుకునేవాణ్ణి. ఫైలు పట్టుకుని తలుపు దగ్గర నిలబడ్డాను.

ఒక వకీలుగారు కాగితం ఎత్తి చూపించారు. "చూడండి, ఆ పాళెంలో నిన్నమొన్నటిదాకా నిరుద్యోగి ఒక్కడు లేడు. బర్మావాళ్ళు రోడ్డు పనిలోకి వచ్చారు, అరవైమంది తేలారు. ఇంకా ఏం రుజువు కావాలి?"

"పైగా గోధుమలు పోసి కూచోబెడుతున్నాం. పొలం పనికి మనిషి దొరకడం లేదు" అన్నారు ఒక మిల్లు యజమాని.

"కరువు వల్ల కావచ్చు గదా?" అని మా ఆఫీసరు మెల్లగా అన్నాడు.

"కరువు మొదటి లెక్క రాసిన రోజూ ఉంది గదండీ. నిరుద్యోగులు ఆ రోజు ఎందుకు లేరు?"

ఆఫీసరు నా వైపు చూశాడు. ఆయనకి పూర్తిగా తెలియదు. నాకు తెలుసు. మనుషులు పెరగలేదు, అడిగిన మాట మారింది. మొదటి సున్నా తప్పు. కానీ ఆ సున్నా కింద ఉన్న సంతకం నాది. "అవునండీ, లెక్క సరిగ్గానే ఉంది" అన్నాను. రెండో లెక్క సరిగ్గానే ఉంది మరి.

ఆ ప్రాంతానికి ఇక కొత్త కుటుంబాలని పంపనక్కర్లేదని తీర్మానం రాసుకున్నారు. టీ వచ్చింది.

వానలు పడ్డాక అప్పలస్వామి కార్డు రెన్యూవల్‌కి ఆఫీసుకి వచ్చాడు. రెన్యూ చెయ్యకపోతే రిజిస్టర్‌లోంచి పేరు తీసేస్తాం.

"తమ్ముణ్ణి ఎక్కడికో దచ్చిణాదికి పంపించేసినారంట బాబూ. ఆడికి అరవం రాదు. పిల్లలకీ రాదు."

"పైవాళ్ళ నిర్ణయం అప్పలస్వామీ."

"ఈ ఊళ్ళో పనిలేనోళ్ళు ఎక్కువైపోనారని రాసినారంట. మనం రాయించినదే గదా ఆ లెక్క?" నిష్ఠూరంగా అనలేదు. నిజంగా తెలుసుకుందామనే అడిగాడు.

కార్డు మీద తేదీ ముద్ర వేసి ఇచ్చాను. నమస్కారం పెట్టి వెళ్ళిపోయాడు.

నా ప్రొబేషన్ సక్రమంగా పూర్తయింది. ఆ తర్వాత ఇరవై ఎనిమిదేళ్ళు లెక్కలు రాశాను. నిరుద్యోగం పెరిగిందనో తగ్గిందనో ఎవరైనా అంటే, ఎవర్ని, ఏ మాటతో అడిగారో కనుక్కోకుండా నేను నోరు విప్పను. ఈ కేసు నేర్పింది అదేనని కుర్రాళ్ళకి చెప్పేవాణ్ణి. అందులో సగమే నిజం. అడిగే మాటని బట్టి లెక్క మారుతుందని నాకు ఆ కమిటీ గదిలోనే తెలుసు. తెలిసినది పైకి అనడానికి ఎంత ఖర్చవుతుందో కూడా తెలుసు, అందుకే అనలేదు.

ఆ రోజు ఫైలులో ఒక నోటు పెట్టి ఉంటే సరిపోయేది. చిన్న కాగితం. ఇలా ఉండేది:

"పాళెంలో నిరుద్యోగులు లేరని మొదట రాసినది నా పొరపాటు. వారు ముందునుంచీ ఉన్నారు, నేను అడగవలసినట్టు అడగలేదు. బర్మా నుంచి వచ్చినవారి వల్ల ఈ సంఖ్య ఒక్కటి కూడా పెరగలేదు. మద్రాసు కేంపులోని కుటుంబాన్ని ఇక్కడికి పంపడానికి అభ్యంతరం లేదు."