మూడు చెంచాల నీళ్ళు

స్పీచ్ థెరపీ కోర్సులో మూడో సంవత్సరం పరీక్షలు రాసి వేసవి సెలవులకి అమలాపురం వచ్చాను. వచ్చిన రెండో రోజే అమ్మ నన్ను ఐ.పోలవరం దగ్గర ఒక లంక ఊరికి తీసుకెళ్ళింది. ఆ ఊరి బడిలో అమ్మ పదకొండేళ్ళు పాఠాలు చెప్పింది. అన్నేళ్ళూ ఆమెను పడవ మీద పాయ దాటించిన సరంగుగారికి పక్షవాతం వచ్చింది. కుడి చెయ్యీ కాలూ పడిపోయాయి. మాట పోయింది. కాకినాడలో వైద్యం చేసి, ముక్కులోంచి పొట్టలోకి గొట్టం వేసి ఇంటికి పంపారు. మళ్ళీ తీసుకొచ్చి చూపించేదాకా నోటితో ఏమీ పెట్టొద్దని చెప్పారట.

ఆయన భార్య గుమ్మంలోనే నా చేతులు పట్టుకుంది.

"మాట తెప్పించే డాక్టరుగారంట కదండీ మీరు. దేవుడే పంపేడండి మిమ్మల్ని."

నేనింకా చదువుకుంటున్నాననీ, ఒక్కదాన్నే ఇంతవరకూ ఏ రోగినీ చూడలేదనీ అప్పుడే చెప్పాల్సింది. అమ్మ ముఖంలో సంతోషం చూసి ఊరుకున్నాను.

రోజూ బస్సెక్కి వెళ్ళేదాన్ని. ఆయన ఎదురుగా కూర్చుని పెదవులు కదిపి చూపించేదాన్ని. నాలుగో రోజు ఆయన "అమ్మ" అన్నారు. ఇంటావిడ పమిట నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. ఆ రోజు తిరిగొస్తూ బస్సులో నన్ను నేను ఏదో గొప్పదాన్ననుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది.

మర్నాడు ఆయన ఎడమచేత్తో నీళ్ళ చెంబు చూపించారు.

"నోరెండిపోతందండి. పిడచగట్టుకుపోతందండి పాపం. చుక్క నీళ్ళు పొయ్యొచ్చాండీ?" అని ఆవిడ అడిగింది.

మింగగలరో లేదో మా కాలేజీ మేడమ్ పరీక్షిస్తుండగా ఆసుపత్రిలో రెండుసార్లు చూశాను, అదీ నలుగురి వెనక నిలబడి. నా చేత్తో ఎప్పుడూ చెయ్యలేదు. ఫోను సంచిలోనే ఉంది. మేడమ్‌ని అడగొచ్చు. అడిగితే, ఎవరి అనుమతితో రోగిని చూస్తున్నావని ఆవిడ అంటారు. అందుకే అడగలేదు.

ఆయన్ని కూర్చోబెట్టి చెంచాతో నీళ్ళు పోశాను. ఒకటి, రెండు, మూడు. దగ్గలేదు. "ఆ" అనమన్నాను. అన్నారు. గొంతు తడితడిగా, గురగురమంటూ వచ్చింది. గొంతు పలుకుతోందని నేను సంబరపడ్డాను. నీళ్ళు ఊపిరితిత్తుల దారి పట్టినా కొందరికి దగ్గు రాదనీ, అలాంటప్పుడు గొంతు తడిగా మారొచ్చనీ పరీక్షలో నేనే రాశాను. దానికి మార్కులు కూడా పడ్డాయి.

"ఫర్లేదండీ. కొంచెం కొంచెంగా పట్టండి" అన్నాను.

"ఆయ్" అంది ఆవిడ.

రెండు రోజులకి ఆయన గొట్టం పీకేసుకున్నారు. అమ్మాయిగారు నోటితో పట్టమన్నారు కదా అని ఆవిడ మళ్ళీ వేయించలేదు. గంజి పట్టింది, కొబ్బరినీళ్ళు పట్టింది. తర్వాత జ్వరం వచ్చింది. అమలాపురం ఆసుపత్రిలో చేర్చేసరికి ఊపిరితిత్తులకి చీము పట్టిందన్నారు. వారం తిరక్కుండా పోయారు.

శవం దగ్గర ఆవిడ నన్ను కావలించుకుని వచ్చినవాళ్ళందరికీ చెప్పింది. "ఆఖర్న ఆయన గొంతు తడిపింది ఈ తల్లేనండి."

కాలేజీకి వెళ్ళాక మేడమ్‌కి అంతా చెప్పాను.

"గొట్టం ఉన్నవాళ్ళకీ అలా జరగొచ్చు. నీ వల్లే అని నేను చెప్పలేను. కాదనీ చెప్పలేను" అన్నారు. తర్వాత అడిగారు. "నీకు రాదని వాళ్ళకి చెప్పావా?"

"లేదు మేడమ్."

ఆ ఏడాది నన్ను ఆవిడ రోగుల దగ్గరికి ఒంటరిగా పంపలేదు. మంచిదే అనిపించింది. కానీ ఆ తడి గొంతు మాత్రం నన్ను వదల్లేదు. ఎవరైనా నీళ్ళు తాగి వెంటనే మాట్లాడితే చాలు, నేను మాట ఆపేసి వాళ్ళ గొంతు వినేదాన్ని. భోజనాల బల్ల దగ్గర నాన్న గొంతు కూడా అలాగే వినేదాన్ని.

చదువు పూర్తయి, ఉద్యోగంలో చేరాక, ఆయన పోయిన మూడేళ్ళకి ఒక మధ్యాహ్నం ఆ లంకకి వెళ్ళాను. ఆవిడ అరుగు మీద చేపలు బాగుచేస్తోంది. నాకు పీట వేసింది. నేనప్పటికి విద్యార్థినేననీ, రాని పని చేశాననీ, ఆ నీళ్ళే జబ్బుకి దారి తీసి ఉండొచ్చనీ చెప్పాను. ఆవిడ కత్తి పక్కన పెట్టింది.

"మూడేళ్ళ బట్టీ దాహం తీరి వెళ్ళేరనుకుంటున్నానండి" అంది. "ఆ ఒక్కదాంతోనే నిద్రపడతందండి నాకు. ఇప్పుడెందుకు చెప్పేరండి?"

నిజం చెప్పాలి కనక చెప్పానని అనుకున్నాను. మోయలేక ఆవిడ నెత్తిన దింపానేమో, అది ఇప్పటికీ తేల్చుకోలేదు.

ఆవిడ లోపలికి వెళ్ళి తలుపు దగ్గరగా వేసుకుంది. చేపలు అరుగు మీదే ఉన్నాయి. కాకులు వాలకుండా కాసేపు కూర్చుని, ఆవిడ ఎంతకీ రాకపోయేసరికి చేపల మీద పళ్ళెం మూసి వచ్చేశాను.