కానుగ చెట్టుకు కట్టిన సంచి

మూడోరోజు పొద్దున తమ్ముడు అమ్మ అస్థికలను చిన్న మట్టిముంతలోకి ఎత్తి, మూతికి తెల్లగుడ్డ కట్టాడు. గంగలో, అంటే మాకు గోదావరిలో, కలిపేదాకా వాటిని ఇంట్లోకి తేకూడదు కదా, బయట చెట్టుకే వేలాడాలి. మడికొండలో మా ఇంటి ముందు కానుగ చెట్టు ఉంది. సంచి ఒకటి తెమ్మన్నాడు వాడు.

ఇంట్లో కవర్లన్నీ తీసి చూశాను. ఒకటి చేపల వాసన, ఇంకొకటి ఉల్లిపొట్టు. అమ్మను పెట్టడానికి మనసొప్పలేదు. అప్పుడు కొత్తది కనబడింది. అమ్మ పోకముందు వారం, మా వాడకట్టు కిరాణం అతను పప్పు పోసి ఇచ్చింది.

"ప్లాస్టిక్ బందు పెడుతాండ్రట పెద్దమ్మా. అందుకే ముందుగాలనే ఇవి తెప్పిచ్చిన. మక్కపిండితోని జేస్తరట. మట్టిల పడితె కరిగిపోతది, ఆవు తిన్నా ఏంగాదు" అన్నాడప్పుడు.

"అయితె నువ్వొకటి తినిజూపియ్యి బిడ్డా" అని నవ్వుకుంటూ వచ్చాను.

ఆ మొక్కజొన్న పిండి సంచి పట్టుగుడ్డలా మెత్తగా ఉంది. మట్టిలో పడితే కదా కరిగేది, చెట్టుకు ఉంటే ఏమవుతుందిలే అనుకున్నాను. ముంత అందులో పెట్టి నేనే కొమ్మకు కట్టాను.

అమ్మ చివరికి అడిగింది ఒక్కటే. "మీ నాయినను కలిపిన కాడనే నన్నుగూడ కలుపుండ్రి, కాళేశ్వరంల." తమ్ముడు చేతిలో చెయ్యేశాడు. కానీ సంచి చెట్టుకు కట్టిన వారమే స్టేషన్ ఘన్‌పూర్‌లో వాళ్లింటి దగ్గర స్కూటర్ జారి కాలు విరిగింది. దవాఖానలో కట్టు వేశారు.

"బావతోని పంపుదామారా?" అని ఫోన్‌లో అడిగాను.

"కొడుకును నేనుండంగ వేరేటోళ్లెందుకక్కా? జర నడక రానియ్యి, నేనే తీస్కపోత."

ఆగాము. ఎండలు ముదిరాయి. రోజూ వాకిలి ఊడుస్తూ తలెత్తి చూసేదాన్ని. సంచి రంగు వెలిసింది. ఎండకు అంతేలే అనుకున్నాను. ముట్టి చూసినా తెలిసేదేమో. ముట్టకూడదని ముట్టలేదు.

తొలివాన కురిసిన తెల్లారి తలుపు తీసేసరికి కొమ్మకు ముడి మాత్రమే ఉంది. ముంత కింద పడి పెంకులైంది. పక్కన కొత్త ఇల్లు కట్టేవాళ్లు పోసిన తెల్లకంకర వాననీళ్లకు చెట్టు కిందంతా పరుచుకుంది.

కబురు చేస్తే తమ్ముడూ మరదలూ ఆటోలో వచ్చారు.

"ఇంత ఇంట్ల ఒక గుడ్డసంచి దొరకలేదా వదినా?" అంది మరదలు.

నన్నంత మాట అన్నదే లోపలికి పోయి చాట తెచ్చి, నా పక్కనే బురదలో కూర్చుంది.

తమ్ముడు కర్రలు పక్కన పెట్టి, కట్టు వేసిన కాలు చాపి కూలబడ్డాడు. మట్టి కెలుకుతూ కెలుకుతూ చిన్న ముక్క తీసి, తడిమి, నా వైపు చాపాడు.

"అక్కా, ఇది అమ్మదేనా? రాయా?"

నాకు చూపు బాగానే ఆనుతుంది. అది కంకర. చాటలో అప్పటికి గుప్పెడు కూడా కాలేదు.

"అమ్మదేరా. వెయ్యి" అన్నాను.

కళ్లకద్దుకుని వేశాడు. ఆ తర్వాత వాడు నన్ను అడగలేదు. తెల్లగా ఏది దొరికినా కళ్లకద్దుకుని చాటలో వేస్తూనే ఉన్నాడు.