బంగారు రంగు ఝూమర్

జనగామలో మా కొత్తింటి హాల్లో వేలాడే ఝూమర్, అదే కొమ్మల లైటు, బంగారు రంగుది. పాత ఇత్తడిలా మసకేసింది కాదు, మచ్చలు పెట్టి పురాతనం అని అమ్మేది కాదు. తళతళలాడుతూ కళ్ళకు కొట్టే బంగారు రంగు. ఇంటికి వచ్చినవాళ్ళు తల ఎత్తి దాన్ని చూస్తారు. తర్వాత నా నుదురు చూస్తారు. వాళ్ళ మనసులో ఏముందో నాకు తెలుసు. నాకు ఒళ్ళు మండుతుంది. అయినా మంచినీళ్ళు ఇచ్చి కూర్చోబెడతాను.

మా ఆయన చెల్పూర్ కరెంటు ప్లాంటులో పనిచేస్తూ గుండెపోటుతో పోయాడు. అప్పటికి నా కొడుకు పదో తరగతి. ఆయన పోయాక నాకు అక్కడే ఆఫీసులో ఉద్యోగం ఇచ్చారు. ఆ ఉద్యోగంతోనే పిల్లవాణ్ణి చదివించాను, పెళ్ళి చేశాను, ఇప్పుడు ఇల్లు కట్టాను. ఇందులో గొప్ప ఏమీ లేదు, అందరూ చేసేదే. కానీ ఇన్నేళ్ళలో నేను ఏ పని చేసుకున్నా ఎవరూ అడ్డు రాలేదు. ఏ రంగు కోరుకున్నా మాత్రం అడ్డు వచ్చారు.

పదోనాడు నా గాజులు తీసినవాళ్ళే ఆ తర్వాత నాకు చీరలు ఎంచడం మొదలుపెట్టారు. పెళ్ళిళ్ళకు, పేరంటాలకు, పురుళ్ళకు నాకు పెట్టే చీర ఒకటే రకం. బూడిద రంగు, లేకపోతే తడిసిన సిమెంటు రంగు, మరీ దయ తలిస్తే ఎండిపోయిన మట్టి రంగు. పెట్టేవాళ్ళు "మంచిగ పెద్దమనిషి తీరుగ ఉంటది" అని కూడా అంటారు. అప్పటికి నాకు నలభై ఏళ్ళు నిండితే గొప్ప. నా వయసు ఆడవాళ్ళు చిలకపచ్చ కట్టుకొని పంక్తిలో పక్కన కూర్చుంటే నేను ఆ సిమెంటు చీరలో అన్నం తినేదాన్ని. చెల్పూర్‌లో నా క్వార్టర్ పెట్టె నిండా అవే చీరలు. ఒక్కటీ నేను కొన్నది కాదు, ఒక్కటీ నాకు నచ్చింది కాదు.

ఈ చీరల్లో ఎక్కువ భాగం మా ఆడబిడ్డ పెట్టినవే. మా ఆయనకు అక్క. నర్సింహులపేటలో మా అత్తగారింటికి పెద్ద దిక్కు ఆమే. చెడ్డమనిషి అయితే నా పని సులువయ్యేది, తిట్టి ఊరుకునేదాన్ని. ఆయన పోయిన ఏడాది మాకు బియ్యం, కందిపప్పు బస్సులో వేసి పంపింది. పిల్లవాడికి జ్వరం వస్తే దవాఖానలో నాతోపాటు కూర్చుంది. ఆ మేలు నేను మరిచిపోలేదు. అందుకే ఇన్నేళ్ళు ఆ చీరలు మాట్లాడకుండా తీసుకున్నాను.

కొడుకు హైదరాబాదులో ఉద్యోగం చేస్తూ రోజూ రైల్లో పోయివస్తాడు. అందుకని ఇల్లు జనగామలో కట్టాం. లైట్లు కొనాల్సిన రోజు వచ్చేసరికి మా కోడలు ఫోన్‌లో వందల బొమ్మలు చూసి సిద్ధంగా ఉంది. తెలివైన పిల్ల. ఏ గదికి ఏ రంగు గోడ ఉంటే ఏ లైటు కలుస్తుందో గుక్కతిప్పుకోకుండా చెబుతుంది. స్నానాల గదికి స్టీలు మెరుపు అంది, సరే అన్నాను. వాళ్ళ పడకగదికి నలుపు అంది, సరే అన్నాను. నిగనిగలాడే నలుపు కూడా కాదట, మెరుపు చచ్చిపోయిన నలుపట. పడుకునేది వాళ్ళు, వాళ్ళిష్టం. "హాలు లైటు మాత్రం నేను చూస్త బిడ్డా" అని ముందే చెప్పాను.

షాపుకు మా ఆడబిడ్డ కూడా వచ్చింది. గృహప్రవేశం పనులకని నర్సింహులపేట నుంచి ముందే దిగింది. షాపులో పైకప్పు నిండా లైట్లే. షాపాయన కోడలికి కుర్చీ వేశాడు, మా ఆడబిడ్డకు ఇంకో కుర్చీ వేశాడు. నా నుదురు చూసి, అడగకుండానే లోపలి నుంచి మసక ఇత్తడి రంగువి రెండు తెచ్చి ముందు పెట్టాడు.

"అమ్మా, పెద్దోళ్ళందరు గివే తీసుకుంటరు. కంటికి ఇంపుగ ఉంటయి, మెరుపుండది" అన్నాడు.

నేను తల పైకెత్తి నాకు కావలసింది వేలు పెట్టి చూపించాను. మధ్యలో వేలాడుతోంది. బంగారు రంగు కొమ్మలు, కొమ్మకొక గాజు పువ్వు.

ముందు కోడలు నవ్వింది. "అత్తమ్మా, గిప్పుడు గోల్డ్ ఎవ్వలు పెడుతలేరు. ఇల్లు ఫంక్షన్ హాల్ లెక్క కొడ్తది. బ్లాక్ పెడ్దాం, మస్తుంటది."

ఆ మాటకు నాకు కోపం రాలేదు. అది అభిరుచి తేడా, వాదించొచ్చు. వాదించాను కూడా. మన తలుపులు టేకువి, పిడులు ఇత్తడివి, గోడలు మీగడ రంగువి. షోకేసులో మా అమ్మ ఇచ్చిన ఇత్తడి చెంబులు, బిందెలు వరసగా పెడుతున్నాం. ఆ మధ్యలో నల్లది వేలాడితే పెనం బోర్లించి కట్టినట్టుంటుంది. బంగారు రంగైతే పిడులతో, చెంబులతో కలుస్తుంది. కోడలు "గదైతె నిజమే" అని ఒప్పుకుంది.

అప్పుడు మా ఆడబిడ్డ నోరు తెరిచింది. గొంతు తగ్గించి, నా మంచి కోసమే అన్నట్టు చెప్పింది.

"మరదలా, ఒంటి మీద లేని బంగారం ఇంటికెందుకే? చూసినోళ్ళు ఏమనుకుంటరు? మొగడు లేనిదానికి గీ తళుకులేందని అనరా?"

షాపాయన లెక్కల మిషను వైపు తిరిగిపోయాడు. కోడలు ఫోన్‌లోకి తల దించింది. నేను ఆ లైటు ప్యాక్ చేయమన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినిపించింది. డబ్బు లెక్కపెట్టి ఇచ్చాను. ఎందుకు ఇష్టమో చెప్పమంటే ఏం చెప్పాలి? ఇష్టం, అంతే. వంకాయ కూర ఇష్టమంటే ఎవరూ కారణం అడగరు.

సెలవు లేక నేను చెల్పూర్ వెళ్ళిపోయాను. గృహప్రవేశానికి ముందురోజు అక్కడ బస్సెక్కి, హన్మకొండలో మారి, మధ్యాహ్నానికి జనగామలో దిగాను. తలుపుకు మామిడాకులు కట్టి ఉన్నాయి. సంతోషంగా చెప్పులు విడిచి హాల్లోకి అడుగుపెట్టి తల ఎత్తాను.

నల్లది వేలాడుతోంది. పెనం బోర్లించినట్టే ఉంది.

నా కొడుకు మెట్ల దగ్గర నిలబడ్డాడు. వాడి మొహం చూడగానే అర్థమైంది.

"ఏంది గిది?" అన్నాను.

"నర్సింహులపేట అత్త పరేషాన్ అయితుందమ్మా. నలుగురు వచ్చే ఇల్లు, మాటలొస్తయని చెప్పింది. నిన్ను ఎవ్వలన్న ఏమన్న అంటే నాకు బాధ కాదా? షాపుల మార్చుకొచ్చిన. లైటే కదా అమ్మా, జర ఊకో."

లైటే కదా అట. నాకు వచ్చిన కోపం నేను ఇక్కడ రాయగలిగినది కాదు. లోకం అంటే పడ్డాను, చుట్టాలు అంటే పడ్డాను. నా కడుపున పుట్టినవాడు నన్ను కాపాడుతున్నాననుకొని నా ఇష్టాన్ని పట్టుకెళ్ళి షాపులో తిరిగి ఇచ్చి వచ్చాడు. అడగలేదు, చెప్పలేదు.

"అంటే పడేది నేను కదరా! నేను పడ్త. నీకేం నొప్పి? గా కరెంటు మనిషిని పిలువు, గిది విప్పించు" అన్నాను. వాడు కదల్లేదు. నేనే కరెంటు పనివాడికి ఫోన్ చేసి పిలిపించాను. నల్లదాన్ని విప్పించి, ఆటోలో ఒళ్ళో పెట్టుకొని షాపుకు పోయాను.

షాపాయన నన్ను చూసి లేచి నిలబడ్డాడు. "మీరే వద్దన్నరని చెప్పిండమ్మా మీ బాబు" అన్నాడు.

"నేనట్ల చెప్పలే. కొన్నది నేను, ఇల్లు నాది. నాది నాకియ్యి."

అదృష్టం, అమ్ముడుపోలేదు. అట్టపెట్టె తెరిచి చూసుకున్నాను. ఒక్క గాజు పువ్వూ పగల్లేదు. తిరుగుదారిలో ఆటో గుంతలో పడ్డప్పుడల్లా ఆ పెట్టెను రెండు చేతులతో పట్టుకున్నాను. కళ్ళ నీళ్ళు వచ్చాయి. ఏడుపు కాదు, కోపమే. నాకు కోపం వస్తే ముందు కళ్ళే తడుస్తాయి, చూసినవాళ్ళు మెత్తబడిందనుకుంటారు. ఆటో అతను కూడా అలాగే అనుకొని మెల్లగా పోనిచ్చాడు. ఆ సాయంత్రమే పనివాడితో దాన్ని పైన కట్టించాను.

మర్నాడు గృహప్రవేశం. పూజలో కొడుకు, కోడలు కూర్చున్నారు. పాలు కోడలు పొంగించింది. నేను వంటవాళ్ళ దగ్గర నిలబడి వడ్డన చూసుకున్నాను. ఆ పద్ధతి నాకు తెలుసు, పెద్దగా బాధ లేదు. భోజనాలయ్యాక దూరం వాళ్ళు వెళ్ళిపోయారు. దగ్గరివాళ్ళు ఆగారు. కొడుకు రోజంతా నా కళ్ళలోకి చూడలేదు.

దీపాలు పెట్టే వేళయింది. కోడలు దేవుని అర ముందు దీపం వెలిగించింది. హాలు మసకబారుతోంది. నేను స్విచ్చుల బోర్డు దగ్గరికి పోయి చెయ్యి ఎత్తాను.

"ఆగు ఆగు మరదలా!" మా ఆడబిడ్డ చాప మీద నుంచి లేచింది. "కొత్తిల్లు, మొదటిసారి ఏసుడు. కోడలు పిల్ల ఏస్తది. నువ్వు జర పక్కకు రా."

నా చెయ్యి గాల్లో ఆగింది. హాల్లో అందరూ చూస్తున్నారు. కోడలు నా వైపు చూసింది, కొడుకు వైపు చూసింది, ఉన్నచోటే నిలబడింది. ఒక్క క్షణం, పాత అలవాటు కొద్దీ, నా కాలు పక్కకు జరగబోయింది. దాన్ని తలుచుకుంటే ఇప్పటికీ నాకు నా మీదే మంట.

"దేవుని కాడ దీపం కోడలే పెట్టింది కదా వదినా, నేనేమన్ననా? గిది కరెంటు. ముండమోసినదాని చెయ్యి తగిల్తే వెలగనంటదా? నేను నౌకరి చేసే కాడి నుంచే వస్తది గీ కరెంటు. ఇన్నేండ్లు నీ ఇంట్ల కరెంటు బుగ్గ వెలగలేదా? అన్నం వండుకోలేదా? టీవీ చూడలేదా?"

అని స్విచ్చు వేశాను.

వెలిగింది. కొమ్మ కొమ్మకూ వెలిగింది. తలుపు పిడులు మెరిశాయి, షోకేసులో చెంబులు మెరిశాయి, గోడల మీగడ రంగు పసుపు తిరిగింది. చూడాలనుకున్నది సరిగ్గా అదే. కోడలు తల ఎత్తి చూసి, చప్పుడు కాకుండా "మంచిగుంది అత్తమ్మా" అంది. కొడుకు స్టూలు తెచ్చి, ఒక పువ్వు వంకరగా ఉంటే ఎక్కి సరిచేశాడు.

మా ఆడబిడ్డ మొహం ముడుచుకుంది. కానీ మర్యాద తప్పే మనిషి కాదు. ఇక పోతానని లేచి, సంచిలోంచి బట్టలు తీసింది. కొడుక్కు ప్యాంటు, షర్టు గుడ్డ. కోడలికి ఎర్రంచు పసుపుపచ్చ పట్టుచీర, ఒడిలో పెట్టి బొట్టు పెట్టింది. తర్వాత నా దగ్గరికి వచ్చి నా చేతిలో ఇంకో చీర పెట్టింది.

ఝూమర్ కింద నిలబడి చీర మడత విప్పాను. బూడిద రంగు. అంచు కూడా బూడిద రంగే.

ఇన్నేళ్ళుగా ఇలాంటప్పుడు నేను "ఎందుకు వదినా ఇవన్ని" అని కళ్ళకద్దుకునేదాన్ని. ఆ రోజు చీరను మళ్ళీ మడత పెట్టాను. సంచిలో వేసి, ఆ సంచి ఆమె చేతికే ఇచ్చాను.

"షాపుల ఇచ్చి రంగు మార్చుక రా వదినా" అన్నాను. "గిది మా హాలుకు కలవది."