నా భుజం మీద పట్టుచీరలు

మొన్న మా మనవడు కొత్త ఉద్యోగంలో చేరే రోజు పొద్దున్నే స్నానాలగదిలోకి దూరి గడియ పెట్టుకున్నవాడు, ఇంటిల్లిపాదీ తలుపు తట్టినా చాలాసేపు బయటికి రాలేదు. వచ్చాక నా ఎదుట నిలబడి ఎలా ఉన్నానని అడిగాడు. బాగున్నావురా అంటే నమ్మలేదు. ముక్కు మీద మొటిమ కనిపిస్తోందా అని అడిగి, లేదన్నా వినకుండా మళ్ళీ అద్దం దగ్గరికి పరుగెత్తాడు. ఇంట్లో అందరూ నవ్వారు గానీ నాకు నవ్వు రాలేదు. ఆ బెదురు నాకు బాగా తెలుసు. అరవై ఏళ్ళ పైచిలుకు కిందట అదే బెదురును కడుపులో పెట్టుకొని ప్రొద్దుటూరులో ఒక బట్టల అంగడి మెట్లెక్కినవాణ్ణి నేను.

మన ఈడు వాళ్ళకు నా ముఖం ఎలా ఉండేదో వివరించే పని లేదు. మన కాలంలో ప్రతి వీధిలోనూ అలాంటివి కొన్ని ఉండేవి. చిన్నప్పుడు అమ్మవారు పోస్తే ప్రాణం దక్కింది గానీ బుగ్గల నిండా గుంటలు మిగిలిపోయాయి. దానికి తోడు రంగు నలుపు, చెవులు చేటలంత, మెడ కొంచెం పొడుగు. వీరపునాయునిపల్లె దగ్గర మా ఊళ్ళో దాన్ని ఎవరూ లోటుగా ఎంచలేదు, సేద్యం చేసుకునేవాడికి ముఖంతో ఏం పని గనక. అయితే వానలు వరసగా ఎగ్గొట్టి, మా చేను బీడు పడి, ప్రొద్దుటూరులో దర్జీపని చేసుకునే మా మేనమామ దగ్గరికి మా నాయన నన్ను పంపించేసరికి ముఖంతో పని పడింది.

ఆంధ్రప్రదేశ్ ఏర్పడిన కొత్త రోజులవి. మా మామ తనకు తెలిసిన ఒక శెట్టిగారి పట్టుచీరల అంగట్లో నన్ను కుదిర్చాడు. మొదట్లో నా పని వెనక గదిలో. మూటలు విప్పడం, ముందర విప్పి పారేసిన చీరలను తెచ్చుకొని తిరిగి మడతలు పెట్టడం. ఆ చీకటి గదిలో నన్ను చూసేవాళ్ళు లేరు కాబట్టి నాకు దిగులూ లేదు. ముందర తెల్లదుప్పట్లు పరిచిన పరుపుల మీద కూర్చొని అమ్మేవాళ్ళ సంగతి వేరు. ఈ కాలం పిల్లలకు చెబితే వింతగా చూస్తారు గానీ, ఆ రోజుల్లో చీర కడితే ఎలా ఉంటుందో చూపించాలంటే అమ్మే మగవాడే దాన్ని భుజాన వేసుకొని, కుచ్చిళ్ళు చేత పట్టుకొని, అడిగితే కొంగు తల మీదుగా కప్పుకొని మరీ ఆడవాళ్ళ ముందర నిలబడాలి. మీసాలున్న మనిషి ముసుగేసుకొని నిలబడితే నవ్వేవాళ్ళు ఎవరూ లేరు. అందరి కళ్ళూ చీర మీదే ఉండేవి.

మా అంగట్లో ఆ పనికి పెట్టింది పేరు జమ్మలమడుగు నుంచి వచ్చిన ఒకాయన. నేను అన్నా అని పిలిచేవాణ్ణి. మంచి చాయ, నున్నటి బుగ్గలు, నుదుటి మీదికి ఎత్తి దువ్విన క్రాపు, నవ్వితే తాంబూలంతో ఎర్రబడిన పెదవులు. ఆయన పక్కన కూర్చునే రెండో ఆయన పులివెందులలో సొంతంగా అంగడి పెట్టుకొని వెళ్ళిపోవడంతో, శెట్టిగారు నన్ను వెనక గదిలోంచి పిలిచి, నా ముఖం వైపు కాసేపు చూసి, నిట్టూర్చి అన్నాడు:

"ఈ పెండ్లిండ్ల కాలం సూస్తానబ్బీ. ఆడోళ్ళు నీ ముందర కూకుంటే సరి. లేదంటే మీ మామకు సెప్పి నిన్ను ఊరికి పంపిచ్చేస్తా. ఆ మొగానికి ఏమన్నా సేసుకో."

వెనక గదిలోనే ఉంటానందామంటే అక్కడికి అప్పటికే ఇంకొకణ్ణి మాట్లాడేసుకున్నాడు. ఊరికి పోతే ఇంట్లో ఉన్నవాళ్ళ సంగటిలోనే నేనూ చెయ్యి పెట్టాలి. ఎవరికైనా రెక్కల కష్టం మీద కూడు దొరుకుతుంది, నాకేమో ఈ గుంటల ముఖం మీద దొరకాలని తెలిసిన రోజు నుంచి కంటికి కునుకు లేకుండా పోయింది.

ఏం చేయాలో తెలియక అన్న ఏం చేస్తే అదే చేశాను. ఆయనకు క్రాపు కొట్టే సాయిబు చేతనే కొట్టించుకున్నాను. ఆయన రాసుకునే వాసననూనె నేనూ రాసుకున్నాను. ఆయన జుట్టు మెత్తన, దువ్వెన ఎటు చెబితే అటు పోయేది. నాది బిరుసు జుట్టు, నూనెలో ముంచితే తప్ప ఎత్తి దువ్వినట్టు నిలిచేది కాదు. బుగ్గలకు స్నో క్రీము రాసి, దాని మీద పౌడరు దట్టించేవాణ్ణి. పది గంటలకల్లా మన ప్రొద్దుటూరు ఎండ సంగతి తెలిసిందే కదా, చెమటకు ఆ పౌడరు తడిసి గుంటల్లోకి చేరి, పాతగోడకు అక్కడక్కడా సున్నం కొట్టినట్టు తయారయ్యేది. మెట్ల మీద గాజుల చప్పుడు వింటే చాలు గబగబా బుగ్గలు తుడుచుకునేవాణ్ణి. వచ్చినవాళ్ళు నా ముందర ఒక్క క్షణం ఆగి, నా వైపు చూసి, అటు జరిగి అన్న ముందర ఇరుక్కొని కూర్చునేవాళ్ళు. ఎవరు నవ్వినా నన్ను చూసే నవ్వుతున్నారనిపించేది. మా మామ చూసి, నువ్వు ఇంకొకరి కొలతలకు కుట్టిన చొక్కా తొడుక్కున్నట్టు ఉన్నావు, నీ కొలతకు నువ్వు ఉండు అని మందలించాడు గానీ, ఆ మాట చెవికెక్కే స్థితిలో నేను లేను. శెట్టిగారు మాత్రం రోజూ చూస్తూనే ఉండేవాడు, ఆ చూపే నన్ను సగం చంపింది.

అట్లాంటి రోజుల్లోనే ఒక మధ్యాహ్నం లింగాల వైపు పల్లె నుంచి పెళ్ళిచీరలకని ఒక కుటుంబం వచ్చింది. ఒక అవ్వ, ఆమె కోడలు, పెళ్ళికూతురైన మనవరాలు. అన్న ముందర చోటు లేక నా ముందర కూర్చున్నారు. నా ఆనందానికీ భయానికీ అంతులేదు. చిలకపచ్చ పట్టుచీర ఒకటి తీసి విప్పాను. కోడలు, తల మీద కొంగు ఎట్లుంటుందో చూపించమంది. నేను ఉత్సాహం కొద్దీ కొంగు తల నిండా కప్పుకొని నిలబడ్డాను. తీసేసరికి, ఎత్తి దువ్విన నా జుట్టు ఆనిన చోట జరీ పక్కనే అరచెయ్యంత నూనెమరక, దాని కింద బుగ్గ తగిలిన చోట తెల్లటి పౌడరు. కోడలు ఏందిదని ఆ మరకను వేలితో చూపించింది. అంగడంతా ఇటు తిరిగింది. శెట్టిగారు లేచి వచ్చి చీరను పట్టుకొని చూసి, నన్ను పక్కకు తప్పుకొమ్మని సైగ చేసి, అన్నను పిలిచి వాళ్ళ ముందర కూర్చోబెట్టాడు. నన్ను తిట్టలేదు. తిట్టి ఉంటే కొంత బాగుండేది.

నా పని అయిపోయిందని తెలిసిపోయింది. వెనక తొట్టి దగ్గరికి పోయి, సబ్బు ముక్క తీసుకొని ఆ నూనె, ఆ స్నో, ఆ పౌడరు వదిలేదాకా రుద్దుకున్నాను. ఏడుపు వచ్చింది, నీళ్ళలో కలిసిపోయింది. మామకు ఏమని చెప్పాలి, నాయన ముఖం ఎట్లా చూడాలి అని ఎండలో నిలబడి తల ఆరబెట్టుకుంటూ ఆలోచించాను. పెళ్ళిచీరల బేరమంటే పూట పడుతుంది కాబట్టి, నేను మడతలు పెట్టే పనైనా చేద్దామని లోపలికి వచ్చేసరికి వాళ్ళు ఇంకా అక్కడే ఉన్నారు. అన్న చుట్టూ చీరలు కుప్పగా పడి ఉన్నాయి. ఆయన ఏది వేసుకున్నా కోడలు బాగుందనేది. ఆ పిల్ల మాత్రం తల వంచుకొని దుప్పటి అంచు నలుపుతూ కూర్చుంది. అవ్వ ఏమీ తేల్చడం లేదు. కుప్పలోంచి చీరలు ఏరుకుంటున్న నన్ను చూసి ఆమె చెయ్యి ఊపింది.

"ఓ పిల్లోడా, ఇట్ల రా. ఆ కోక నువ్వేసుకో. ఆయప్ప మింద ఏదేసినా బాగనే ఉంటాది. మా పాపది నీ రంగే. నీ మింద బాగుందంటే దాని మిందా బాగుంటాది."

కోడలు అత్త చెయ్యి పట్టుకొని లాగింది. ఆ పిల్ల తల ఇంకా దించేసుకుంది. నాకు చెవులు మండిపోయాయి. శెట్టిగారు వద్దన్నట్టే చూశాడు గానీ గిరాకీ మాట కాదనలేక ఊరుకున్నాడు. కడిగిన ముఖంతో, చదునుగా అణిగిన జుట్టుతో వాళ్ళ ముందర నిలబడి, అన్న మీద మెరిసిపోయిన నిమ్మపండు రంగు చీరనే భుజాన వేసుకున్నాను. దాన్ని అవ్వ చూసీ చూడగానే పక్కన పారేసింది. గులాబీ రంగుదీ పోయింది. తరువాత ఆవపువ్వు రంగు అంచున్న వంకాయరంగు చీర వేసుకున్నాను. అవ్వ దాన్ని పక్కన పారేయలేదు. ఆ పిల్ల తల ఎత్తింది. వచ్చినప్పటి నుంచి మొదటిసారి ఎత్తింది. చీరను చూసింది, నన్ను చూసింది, స్తంభానికున్న అద్దంలో తనను చూసుకుంది. మెల్లగా, దగ్గరున్న మాకు మాత్రమే వినపడేంతగా, "ఇదే కావల్లవ్వా" అంది.

ఆ సాయంత్రం శెట్టిగారు నన్ను మెచ్చుకోలేదు, పొమ్మనీ అనలేదు. రేపు కొంచెం ముందే రమ్మన్నాడు, అంతే. మరకపడిన చీరను అమ్మకానికి పెట్టకుండా తన ఇంటికి పంపించాడు. ఆ తరువాత మా మామ నా మెడ పొడుగు కనపడకుండా కాలరు కొంచెం ఎత్తు పెట్టి, చీరల పక్కన కంటికి అడ్డం రాని బూడిదరంగు చొక్కాలు కుట్టి ఇచ్చాడు. జుట్టు చెవుల మీదికి వదిలాను. పగలు తలకు నూనె మానేశాను. పట్టుకు తగులుకోకుండా గోళ్ళు అరగదీసుకునేవాణ్ణి. అన్న ముందర గుంపు తగ్గలేదు గానీ, చామనచాయ పిల్లల తల్లులు లోపలికి వచ్చి ఆ నల్లబ్బి ఏడి అని గొంతు తగ్గించి అడిగేవాళ్ళు. అట్లా ముప్పై ఏళ్ళకు పైగా ఆ పరుపు మీద కూర్చున్నాను. భయం మాత్రం పూర్తిగా పోలేదు. పరుపు ఎక్కే ముందు ఆ స్తంభపు అద్దంలో ఒకసారి చూసుకోకుండా ఏ రోజూ కూర్చోలేదు.

ఇప్పుడు అమ్మే మగవాళ్ళు చీర భుజాన వేసుకోరు, వేసుకొమ్మని అడిగేవాళ్ళూ లేరు. ఫోనులో తెల్లటి అమ్మాయి కట్టుకొని నవ్వుతుంది, అది చూసి కొనుక్కొని పోతారు. ఇంటికి పోయి కట్టుకున్న నల్లపిల్ల అద్దంలో చూసుకొని లోపం తనలోనే ఉందనుకుంటుందేమోనని నాకు దిగులు. నాకు ఇప్పుడు నడుము వంగింది, చెయ్యి వణుకుతుంది. అయినా ఏ అవ్వయినా మాట దాచుకోకుండా, ఇట్ల రా పిల్లోడా అని పిలిస్తే, ఈ వయసులోనూ లేచిపోయి, ఆ పిల్ల తల ఎత్తేదాకా ఒక్కో చీరా వేసుకుంటూ నిలబడతాను.