స్వామికి రాసిన శుభలేఖ

మాచర్ల వెళ్లే బస్సు గురజాలలో ఆగింది. పక్క సీట్లో కూర్చున్న మస్తాన్‌బీ నా జేబు వంక చూసి, "ఇంకుపెన్నా అన్నా? ఒక్కసారి ఇస్తావా?" అంది. ఇచ్చాను.

ఆమె ఒళ్లో పక్కింటివాళ్ల పెళ్లి శుభలేఖలున్నాయి. "మొదటిది కోటప్పకొండ సామికి. మా ఊళ్లో ఎవరింట పెళ్లయినా దాని మీద పేరు మా నాయనే ఇంకుపెన్నుతో రాసేవోడు. నిరుడు పోయాడు. ఈసారి నన్ను రాయమన్నారు. చానా భయంగా ఉంది."

నేను విజయనగరం వాణ్ని; ముసల్మాను ఇంటి చేతిరాతతో స్వామికి పిలుపు వెళ్లడం నాకు కొత్త.

బస్సు కదలకముందే ‘త్రికోటేశ్వర స్వామి వారికి’ అని గుండ్రంగా, ఒత్తులు పొందిగ్గా కుదిరేలా రాసింది. తడి సిరా వాసనకు నా బడిరోజులు గుర్తొచ్చాయి. ఊది ఆరబెట్టి, "మా నాయన రాసినట్టే ఉందా అన్నా?" అని అడిగింది.

ఆయన చేతిరాత నేనెన్నడూ చూడలేదు. "అచ్చం అలాగే ఉందమ్మా" అన్నాను.