సన్మానం మధ్యలో లేచి వెళ్లిన పాస్టరుగారు

ఈ రోజు బాన్సువాడలో మా బాప్టిస్టు చర్చి పాస్టరుగారి పదవీ విరమణ సభ జరిగింది. ముప్పై ఏళ్లుగా ఎవరికి జబ్బు చేసినా, ఏ మతమని అడగకుండా తన పాత కారులో దవాఖానకు చేర్చిన మనిషి ఆయన. ఓ నాయకుడు ఆ సేవను పొగడబోయి తన సేవలనే ఏకరువు పెడుతుండగా, తండా అవ్వ ఒకామె పరుగున వచ్చింది.

"అయ్యా, నా కోడలికి నొప్పులొస్తున్నయ్! గేటు కాడ కూలబడ్డది!"

పాస్టరుగారు మెడలో దండతోనే కారు తీశారు.

"సేవ గురించి చెప్తుంటె మధ్యల లేచిపోతుండు, ఏంది గిది?" అని నాయకుడు నొచ్చుకున్నాడు. శాలువా ఖాళీ కుర్చీకి కప్పి ఫోటో దిగాడు.

సాయంత్రం పాస్టరుగారు ఫోన్ చేశారు. "ఆడపిల్ల పుట్టింది, ఇద్దరూ మంచిగున్నరు. మీటింగ్ అయిపోయిందా?"

అప్పటికింకా కాలేదు. మీ ఊళ్లో సన్మానాలు ఎంతసేపు సాగుతాయండీ?