నీళ్ళుండీ కాగిన కారు

ఆ ఆదివారంతో మా అక్కకు ఏడో నెల అయిపోతుంది. సోమవారం తెల్లవారితే ఎనిమిదో నెల. పురిటికి ఆడపిల్లను పుట్టింటికి ఏడో నెలలో తెస్తారు, లేకపోతే తొమ్మిదిలో. ఎనిమిదిలో గడప దాటించరు. ఎందుకు దాటించరని అడిగితే అమ్మ, "అడిగేది తప్ప నీకింకేం పని లేదా?" అంది. అంతకు మించి ఎవరూ చెప్పలేదు.

అక్క అత్తవారిది బాగేపల్లి దగ్గర పరగోడు. మాది చింతామణి. కిందటిసారి ఇంటికి వచ్చినప్పుడు అక్క వంటింట్లో నన్ను పక్కకు లాగి, "ఏడో నెలలోనే వచ్చి పిలుచుకోని పోండే. ఆ ఇంట్లో అంతమందికీ నేనొక్కదాన్నే సంకటి గెలకతాండా. ఇంకో రెండు నెలలంటే నా వల్ల కాదు" అంది. ఆ మాట నేను అమ్మకు చెప్పలేదు. నాలో నేనే మోశాను. అందుకే శుక్రవారం సాయంత్రం మా పాత కారు కింద నీళ్ళ మడుగు కనబడగానే అందరికంటే ఎక్కువ భయపడింది నేనే. ఆ గతుకుల రోడ్డు మీద, రెండు బస్సులు మారి, కడుపుతో ఉన్న మనిషిని తెచ్చేందుకు అమ్మ ససేమిరా ఒప్పుకోదు. కారు కదలకపోతే అక్క రాదు.

కారుతున్నది ఇంజిన్ ముందువైపున, రేడియేటర్ పై పైపు వచ్చి కలిసే చోట. అక్కడ పిడికిలంత అల్యూమినియం మూత ఉంటుంది. దాని కింద థర్మోస్టాట్. మా బోరు నీళ్ళలోని సున్నం ఆ మూతను లోపలినుంచి తినేసింది. ఊళ్ళో మాకు తెలిసిన మెకానిక్ పెళ్ళికని వాళ్ళత్తవారి ఊరు పోయాడు. నాయన శనివారం అంగడి మూసి, చిక్కబళ్ళాపురం బస్సెక్కి పోయి, కొత్త మూత, దాని కింద నీళ్ళు కారకుండా వేసే ప్యాకింగు కొనుక్కొచ్చాడు.

"మనమే బిగిస్తాం. రెండు బోల్టులే కదా" అన్నాడు. ఆయన కందులూ శెనగలూ తూచే మనిషి. స్పానరు పట్టుకోవడం నేను అంతకు ముందు చూడలేదు.

కారుతో వచ్చిన ఇంగ్లీషు పుస్తకం ఒకటి మా దగ్గర ఉండేది. పి.యు.సి. చదివానని ఆదివారం పొద్దున దాన్ని నా చేతికిచ్చారు. కథల పుస్తకాలైతే దాచుకుని చదివేదాన్ని. ఇది మాత్రం వాకిట్లో నిలబడి, వీధిలో పోయేవాళ్ళందరూ చూస్తుండగా గట్టిగా చదవాల్సొచ్చింది. గొణుగుతూ చదివాను.

"నీకు నువ్వే చదువుకుంటాండావా, నాకు చెప్తాండావా?" అన్నాడు నాయన, బానెట్ కింద తల పెట్టి.

రేడియేటర్ అడుగు కొళాయి తిప్పి నీళ్ళు బక్కెట్టులోకి వదిలాం. పైపు క్లిప్పు వదులు చేశాం. ఒక బోల్టు సులభంగా వచ్చింది, రెండోది తుప్పు పట్టి మొరాయించింది. దాని మీద కిరసనాయిలు పోసి కూర్చున్నాం. అప్పుడు పక్కింటి మామ వచ్చాడు. ఆయన చిన్నప్పటినుంచి లారీలు తోలినవాడు.

"ఏమప్పా, అంగడి మూసి షెడ్డు తెరిచినావా?"

"ఏం చేసేది మామా, కూతుర్ని తేవల్ల."

మామ ఇంజిన్లోకి తొంగి చూసి, "మూత మార్చు, కానీ లోపలుండే ఆ థర్మోస్టాట్ తీసి పారేయ్. నా లారీలో యా దాంట్లోనూ అది లేదు. చలి దేశాలోళ్ళు పెట్టుకునేది మన ఎండల్లో ఏంటికి?" అన్నాడు.

నాయన నా వైపు చూశాడు. నేను పుస్తకం వైపు చూశాను. నీళ్ళు కాగేవరకు థర్మోస్టాట్ మూసుకుని ఉంటుందనీ, కాగాక తెరుచుకుంటుందనీ రాసి ఉంది. ఎందుకు మూసుకోవాలో నాకు అంతు పట్టలేదు. మామ మాట న్యాయంగా తోచింది, పుస్తకం మాటా న్యాయంగా తోచింది.

"ఉండాలంట నాయనా" అన్నాను.

"ఉండాలంటే ఉండనీ. చేసినోడు ఊరికే పెట్టినాడా?" అన్నాడు నాయన. మామ నవ్వుకుంటూ పోయాడు.

రెండో బోల్టు వచ్చింది. పాత ప్యాకింగు అట్ట కట్టిపోయి ఉంటే బ్లేడుతో గీకాను. ఆ పని నాకు బాగుంది, మాట్లాడక్కర్లేదు. కొత్త ప్యాకింగుకు రెండు పక్కలా గ్రీజు పూసి, థర్మోస్టాట్ దాని గుంటలో కూర్చోబెట్టి, కొత్త మూత పెట్టి, నాయన ఒకసారి ఈ బోల్టు, ఒకసారి ఆ బోల్టు బిగించాడు. నీళ్ళు పోశాం. రేడియేటర్ మూతిదాకా వచ్చాయి. ఎక్కడా చుక్క కారలేదు.

తర్వాతి వాక్యం దగ్గరే చిక్కొచ్చింది. రేడియేటర్ మూత తీసే ఉంచి, ఇంజిన్ నడుపుతూ, బుడగలు ఆగేవరకు నీళ్ళు పోస్తూ ఉండమని పుస్తకంలో ఉంది. కానీ రేడియేటర్ మూత జోలికి పోవద్దని, పోతే ముఖం కాలుతుందని నాయన నాకు కారు కొన్ననాటి నుంచి చెబుతున్నాడు. ఇది మూత తీసి నడపమంటోంది. నేను తప్పు చదివానేమో అనుకున్నాను. అయినా చెప్పాను.

నాయన జవాబు చెప్పేలోపలే అమ్మ పంచాంగంతో బయటికొచ్చింది. "పన్నెండుకు వర్జ్యం వస్తాండాది. దాని లోపల కారు వాకిలి దాటల్ల. బుడగలు మీరు ఆడ పోయి చూసుకోండి!"

"నిండుగా ఉండాయి కదా నీళ్ళు, ఇంకేం?" అని నాయన మూత బిగించేశాడు. అమ్మ టైరు కింద నిమ్మకాయ పెట్టింది. ఆడతోడు కావాలని నన్నెక్కించారు. వర్జ్యానికి ముందే వాకిలి దాటాం.

చేలూరు దాటాక గుట్టల మధ్య రోడ్డు పైకి లేచే ఎక్కుడు వస్తుంది. అక్కడ వేడి చూపించే ముల్లు ఎర్ర గీత మీదికి పోయింది. నాయన ఎక్కుడులోనే కారు ఆపి, చక్రానికి రాయి పెట్టాడు. బానెట్ ఎత్తితే సెగ ముఖాన కొట్టింది. కొత్త మూత చుట్టూ చూశాం. పొడిగా ఉంది.

"లీకు లేదు. నీళ్ళుండాయి. మళ్ళ దీనికేం రోగం?" అన్నాడు నాయన. ఆయన గొంతులో అంత దిగులు ఎప్పుడూ వినలేదు. "మామ చెప్పినట్ల ఆ థర్మోస్టాట్ తీసేసింటే బాగుండు."

ఉండాలని చెప్పింది నేను. రాహుకాలం నాలుగున్నరకు. దాని లోపల అక్కను ఆ ఇంట్లోంచి బయటికి తేవాలి.

మేకలు తోలుకుని పోతున్న ఒక ముసలమ్మ ఆగింది. "ఏమప్పా, అన్నం ఉడకేస్తాండారా?"

"అవునమ్మా, కూర నువ్వు తే" అన్నాడు నాయన.

ఆమె నవ్వుతూ పోయింది. నాకు నవ్వు రాలేదు. ఏమీ తోచక రేడియేటర్ మీద చెయ్యి పెట్టాను. చల్లగా ఉంది. నమ్మలేక మళ్ళీ పెట్టాను. రెండు జానల దూరంలో ఇంజిన్ కాలిపోతోంది, ఇదేమో చల్లగా ఉంది. నీళ్ళు ఇటునుంచి అటు పోవడం లేదు. మధ్యలో ఏదో అడ్డుంది. నీళ్ళు కాక అక్కడ ఉండగలిగింది గాలి ఒక్కటే. బిందెను నీళ్ళలో బోర్లా ముంచితే ఎంత అదిమినా నిండదు కదా అనిపించింది.

"నాయనా, లోపల గాలుందేమో. బుడగలు ఆగేవరకు అని రాసింది దానికేనేమో."

"ఏమో అంటే ఎట్లమ్మా?"

"నాకు తెలీదు నాయనా. ఏమోనే."

చాలాసేపు ఇంజిన్ చల్లారనిచ్చాం. తడిగోనె వేసి నాయన రేడియేటర్ మూత కొంచెం కొంచెంగా తిప్పాడు. తెచ్చుకున్న నీళ్ళు పోసి, మూత తీసే ఉంచి ఇంజిన్ వేశాడు. ముఖం దూరంగా పెట్టి నేను చూస్తున్నాను. కాసేపు ఏమీ లేదు. నాయన గుడ్డ చుట్టుకుని పై పైపును పిండాడు. ఒక్కసారిగా గుడగుడమని బుడగలు వచ్చాయి, నీళ్ళు దబుక్కున లోపలికి దిగిపోయాయి. నిండుగా ఉన్నాయనుకున్న దానిలో ఇంకా చెంబుల కొద్దీ పట్టాయి. కారు ముందుభాగం ఎక్కుడు వైపుకు లేచి ఉండటం వల్లే గాలంతా మూతివైపుకు వచ్చిందని తర్వాత ఎవరో అన్నారు. అప్పుడు మాకు అది కూడా తెలియదు. బుడగలు ఆగాక మూత బిగించాం. రేడియేటర్ వెచ్చబడింది.

పరగోడు చేరేసరికి రాహుకాలం సగం అయిపోయింది. ఇంక అక్కను పంపరు. నేను దిగడానికి కూడా భయపడ్డాను. చూస్తే అక్క ఎదురింటి అరుగు మీద, పెట్టె పక్కన పెట్టుకుని కూర్చుని ఉంది. వాళ్ళత్త పక్కనే నిలబడి గ్లాసులో కాఫీ చల్లారుస్తోంది.

"ఇప్పుడా వచ్చేది?" అంది ఆమె నాయనతో. "రాహుకాలం వస్తాండాదని నేనే దీన్ని ముందే గడప దాటించి ఈడ కూర్చోబెట్టినా. మా ఇంట్లోంచి బయల్దేరినట్లే లెక్క. మళ్ళా లోపలికి పిలిస్తే తిరిగొచ్చినట్లయితాది, అందుకే కాఫీ కూడా ఈడికే మోస్తాండా. దీపాలు పెట్టకముందే పిలుచుకోని పోండప్పా."

అక్క పెట్టె అందుకుంటూ ఆమె ముఖం చూశాను. నా తలలో ఉన్న అత్త వేరే మనిషి.

దారిలో కారు కాగిన సంగతి వింటూ ఎక్కిన అక్క, కారు కదలగానే ఏడుపు మొదలుపెట్టింది. వెనక్కి తిరిగి తిరిగి చూస్తోంది.

"రావాలని లేదా నీకు?" అన్నాను మెల్లగా.

"ఎందుకు లేదు? ఉండాది."

"మళ్ళ ఏడుస్తాండావేం?"

"నాకేం తెలుసే! నువ్వు ఆ ముల్లు చూడు."

చూశాను. మధ్యలో ఉంది. అక్క ఏడుపు చేలూరు దాకా ఆగలేదు. ఆ తర్వాత నా భుజం మీద తల పెట్టి నిద్రపోయింది. చింతామణి లైట్లు కనబడ్డాయి. అమ్మ ఎర్రనీళ్ళ పళ్ళెం పట్టుకుని వాకిట్లోనే నిలబడి ఉంది.

"ఏడో నెలే కదా ఇంకా?" అన్నాడు నాయన కారు దిగకుండానే.

"తెల్లారేదాకా ఏడే. దింపండి" అంది అమ్మ.